పోలీసుకి నవ్వు ముఖం, కెమెరాకి నిమ్మకాయ: ఇంట్లోనే వ్యంగ్య ప్రింటు వేసుకోవడం ఇలా

బ్యాంక్సీ అని ఇంగ్లండ్‌లో పేరు దాచుకుని గోడల మీద బొమ్మలేసే కళాకారుడు ఉన్నాడు, ఆయన వేసిన ప్రింట్లలో నన్ను బాగా పట్టుకున్నది ‘ఫ్లయింగ్ కాపర్’. కాపర్ అంటే ఇక్కడ రాగి కాదు, ఇంగ్లండ్‌లో పోలీసుని వాడుకలో అలా అంటారు, మనం ఖాకీ అన్నట్టు. బొమ్మలో ఉన్న సరుకు చాలా తక్కువ. అల్లర్లప్పుడు వేసుకునే బరువైన దుస్తులు, చేతిలో పెద్ద తుపాకీ, వీపుకి దేవదూత రెక్కలు, ముఖం ఉండాల్సిన చోట గుండ్రంగా పసుపు స్మైలీ. అంతే. 2003లో లండన్‌లో ఒక పాత గోదాములో ‘టర్ఫ్ వార్’ అని ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు ఈ పోలీసుని అట్టల మీద వేసి, కత్తిరించి, పైనుంచి వేలాడదీశాడు. అదే ఏడాది స్క్రీన్ ప్రింటుగా (జాలీ తెర మీదుగా రంగు నెట్టి కాగితం మీద వేసే అచ్చు, ఒక్కో రంగుకి ఒక్కో తెర) వచ్చింది, సంతకం లేనివి 600, సంతకం ఉన్నవి 150.

ఫోన్‌లో మొదటిసారి చూసినప్పుడు నవ్వుకుని వదిలేశాను. తర్వాతెప్పుడో మా మేనమామకి చూపించా. ఆయన ముప్పై ఏళ్లు శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, బట్టల షాపుల సంచులు స్క్రీన్ మీద వేసిన మనిషి. బొమ్మ బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఫోన్ ముక్కు దగ్గర పెట్టుకుని, "రెండు మూడు స్క్రీన్ల పని, మన పెళ్లికార్డులో వినాయకుడికే ఇంతకంటే ఎక్కువ పడతాయిరా" అన్నాడు. నిజమే కదా! లండన్ వేలంపాటల్లో లక్షల్లో పలికే వస్తువు, మన ఊరి శుభలేఖల షాపు వెనక గదిలో ఉన్న సామానుతోనే తయారవుతుంది. అప్పటినుంచి పట్టుకుంటే, రెండు నెలలకి నా సొంత ప్రింటు ఒకటి తేలింది. ఎలా వేశానో, ఎక్కడ చెడగొట్టానో మొత్తం రాస్తున్నాను. పని మొదలుపెట్టేవాళ్లకి నేను పడ్డ తంటాలో సగమైనా తగ్గుతుందని.

ముందు ఆ పోలీసుని విప్పి చూడండి

స్క్రీను, ఇంకు కొనడానికి పరిగెత్తకండి. ముందు ఒక మంచి ప్రింటు పెట్టుకుని, అది ఎందుకు కుట్టిందో చూడండి, ఒక సాయంత్రం దానికే ఇవ్వండి.

బ్రిటన్‌లో మామూలు పోలీసు దగ్గర తుపాకీ ఉండదు. వాళ్ల ఊహలో పోలీసంటే లాఠీ పట్టుకుని వీధిలో నడిచే మనిషి. అందుకే అక్కడి కంటికి తుపాకీ పట్టుకున్న పోలీసే సగం వింత. పైగా అది 2003, ఇరాక్ యుద్ధం ఏడాది, ఫిబ్రవరిలో హీత్రో విమానాశ్రయం దగ్గరికి సైనిక వాహనాలు కూడా దింపారు. అంటే తుపాకీ బ్యాంక్సీ కల్పించింది కాదు, జనం ఆ ఏడు కళ్లారా చూస్తున్నదే. దాన్ని ఉన్నది ఉన్నట్టు, బెల్టు బకిల్‌తో సహా శ్రద్ధగా వేశాడు. అబద్ధమంతా ముఖంలో పెట్టాడు.

ఇక ఆ ముఖం సంగతి. స్మైలీని 1963లో అమెరికాలోని వూస్టర్‌లో హార్వీ బాల్ అనే ఆయన గీశాడు, 45 డాలర్లకి. ఎవరికోసం అనుకున్నారు? ఒక ఇన్సూరెన్స్ కంపెనీ కోసం. ఉద్యోగులు డల్‌గా ఉన్నారు, కాస్త నవ్వించాలని మేనేజ్‌మెంట్ ఆర్డరిచ్చి గీయించిన నవ్వు అది. పుట్టుకలోనే పైవాళ్లు కిందవాళ్లకి తొడిగిన నవ్వన్నమాట. పాతికేళ్ల తర్వాత 1988 ప్రాంతంలో బ్రిటన్ కుర్రకారు దాన్ని లాగేసుకున్నారు. పొలాల్లో, గోదాముల్లో రాత్రంతా పాటలు పెట్టుకుని ఎగిరే పార్టీలకి స్మైలీయే గుర్తు. ఆ పార్టీల మీద పోలీసులు పడటం, 1994లో ఏకంగా చట్టమే తేవడం, ఆ చట్టంలో ‘ఒకే రకంగా పదేపదే వచ్చే దరువు’ అని సంగీతాన్ని నిర్వచించడం (నిజంగానే ఉంది, నేను కల్పించడం లేదు), ఇదంతా బ్యాంక్సీ ఈడు వాళ్లకి సొంత అనుభవం. దెబ్బలు తిన్నవాళ్ల జెండా తీసుకెళ్లి కొట్టినవాడి ముఖానికి అతికించాడు. ఇప్పుడు చూడండి ఆ నవ్వు ఎలా కనిపిస్తుందో.

నాకు దీంట్లోంచి అర్థమైన సూత్రం ఒక్కటే, మిగతా పనంతా దాని చుట్టూనే: బొమ్మలో అంతా నిజం ఉండాలి, ఒక్కటే తప్పు ఉండాలి, ఆ తప్పుకి తనదంటూ ఒక కథ ఉండాలి. రెండు తప్పులు పెడితే అది పేపర్లో కార్టూన్ అయిపోతుంది. కార్టూన్ తక్కువని కాదు, అది పొద్దున చూసి సాయంత్రానికి పొట్లం కట్టుకునేది. ప్రింటు గోడకి ఏళ్లపాటు వేలాడాలి.

ఎవరి మీద వేస్తారు?

నా మొదటి మూడు ఐడియాలూ చెత్త. ఒకదాంట్లో ఖద్దరు చొక్కా మొసలి, చేతిలో రుమాలు. ఇంకోదాంట్లో కుర్చీకి వేర్లు. మూడోది చెప్పడానికే సిగ్గేస్తోంది. మూడింట్లోనూ ఒకటే జబ్బు. నాకు తెలియని మనుషుల మీద, నాకు జరగని వాటి మీద వేస్తున్నాను.

చివరికి దొరికింది మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే. రెండేళ్ల కింద ఎవరివో చెప్పులు పోయాయని కమిటీవాళ్లు సీసీ కెమెరాలు పెట్టించారు. చెప్పుల దొంగ ఇప్పటికీ దొరకలేదు. కానీ ఎవరింటి చెత్త సంచి మెట్ల మీద కారిందో, పనమ్మాయి ఏ లిఫ్టు ఎక్కిందో, ఎవరి అమ్మాయి రాత్రి ఎన్ని గంటలకి ఎవరి బండి దిగిందో, ఆ ఫోటోలు మాత్రం వాట్సాప్ గ్రూపులో టైముతో సహా పడుతున్నాయి. ఒక అమావాస్యనాడు వాచ్‌మన్ గేటుకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టడానికి మేకు దొరక్క, ఆ దండ తెచ్చి కెమెరా కమ్మీకే తగిలించాడు. నేను కూరలు పట్టుకుని లోపలికొస్తూ తలెత్తి చూశాను. కెమెరా, దాని కింద ఊగుతున్న నిమ్మకాయ. బొమ్మ అయిపోయింది! నేను చేయాల్సిందల్లా ఫోన్ తీసి ఫోటో కొట్టడమే.

దిష్టి అంటే ఏంటి? చెడ్డ కన్ను. రోజంతా రెప్ప వాల్చకుండా మనల్నే చూసే కన్ను ఆ కెమెరా. అలాంటి కన్నుకే దిష్టి తగలకూడదని నిమ్మకాయ కట్టారు. కెమెరా నిజం, దండ నిజం, రెండూ కలిసి ఉన్న చోటే తప్పు. ఇది ఎవరో ఒక మనిషి మీద వెక్కిరింపు కాదని కూడా గమనించండి. మా సెక్రటరీగారిని గీస్తే మా బ్లాకువాళ్లు నవ్వేవాళ్లు, అక్కడితో సరి. కెమెరాని గీస్తే ఊరంతటికీ తగులుతుంది. జనం ఎక్కువగా వచ్చే షాపులు, సంస్థలు కెమెరాలు పెట్టి తీరాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే చట్టం వచ్చింది. ప్రపంచంలో సీసీ కెమెరాలు ఎక్కువున్న నగరాల జాబితా ఎవరు వేసినా అందులో హైదరాబాద్ పేరు తరచూ కనిపిస్తూనే ఉంటుంది.

బ్యాంక్సీ కూడా కెమెరాని వదల్లేదులెండి. 2008లో లండన్ న్యూమన్ స్ట్రీట్‌లో, అసలు సీసీ కెమెరా ఉన్న గోడ మీదే ‘వన్ నేషన్ అండర్ సీసీటీవీ’ (సీసీ కెమెరాల కింద ఒకే దేశం) అని మూడంతస్తుల ఎత్తున పెద్ద అక్షరాలు వేసి వెళ్లాడు. అక్షరాల కింద నిచ్చెనెక్కి రంగు వేస్తున్న పిల్లాడు, వాడిని ఫోటో తీస్తున్న పోలీసు. అంత పెద్దది వేస్తుంటే కెమెరా ఏం చేస్తున్నట్టు? అదీ జోకు. అక్కడి మున్సిపాలిటీ, వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ వాళ్లు తర్వాత రంగు పూయించేశారు.

మాట పెట్టాలా, వద్దా

పెట్టకపోతే మంచిది. పెట్టాలనిపిస్తే, ఆ మాట తీసేస్తే బొమ్మ సగమైపోతుందా అని చూసుకోండి. కాకపోతే తీసేయండి. ‘లాఫ్ నౌ’ ప్రింటులో కోతి మెడలో పలక ఉంటుంది, "ఇప్పుడు నవ్వుకోండి, ఒకరోజు పెత్తనం మాదే" అనే అర్థంతో. అక్కడ మాట లేకపోతే అది ఉత్త దిగులు కోతి.

నేను మొదట ‘నిఘా నీడలో’ అని రాశాను. పేపర్ హెడ్డింగులా ఉంది, కొట్టేశాను. తర్వాత తట్టింది లారీల వెనక, ఆటోల వెనక పాత చెప్పు బొమ్మ పక్కన ఉండే మాట: ‘నన్ను చూసి ఏడవకురా’. కెమెరా కింద ఆ మాట పెట్టి చూస్తే ఒళ్లు జలదరించింది. ఎందుకంటే చూస్తున్నది అది, ఏడవొద్దంటున్నదీ అదే. ఇలాంటి మాటలు మన గోడల మీద, బండ్ల మీద బోలెడున్నాయి. సొంతంగా డైలాగు రాయాలని తాపత్రయపడొద్దు, జనం నోట్లో నానిన మాటని చోటు మార్చి పెట్టండి చాలు.

బొమ్మని నలుపు తెలుపుకి దించడం

ఫోటో మీరే తీసుకోండి. ఇంటర్నెట్‌లో దొరికింది వాడొద్దు. ఒబామా ‘హోప్’ పోస్టర్ వేసిన షెపర్డ్ ఫెయిరీ, ఒక వార్తాసంస్థ ఫోటో వాడి, ఆ కేసులో సాక్ష్యాలు తారుమారు చేసి, 2012లో 25,000 డాలర్ల జరిమానా, ప్రొబేషన్ దాకా వెళ్లాడు. అంత పేరున్నవాడికే తప్పలేదు, మనమెంత.

గట్టి ఎండలో, పక్కనుంచి వెలుతురు పడుతున్నప్పుడు తీయండి, నీడలు గట్టిగా వస్తాయి. తర్వాత, ఫోటో ఎడిటింగ్ యాప్‌లు చాలావాటిలో థ్రెషోల్డ్ అనేది ఉంటుంది. దాన్ని జరుపుతూ పోతే మధ్యలో ఉన్న బూడిద రంగులన్నీ పోయి ఉత్త నలుపు, ఉత్త తెలుపు మిగులుతాయి. ఒక దగ్గర బొమ్మ ‘కుదురుతుంది’, మీకే తెలుస్తుంది. నా కెమెరా బాగానే వచ్చింది కానీ నిమ్మకాయ నల్ల బంతిలా తయారైంది, దాన్ని చేత్తో మళ్లీ గీసుకోవాల్సి వచ్చింది. పసుపు పచ్చ వేరే పొర కదా, దానికి వేరే కాగితం. నా ప్రింటుకి మొత్తం రెండు పొరలు: నిమ్మకాయ, మిరపకాయలు రెండింటికీ సరిపోయేలా ఆకుపచ్చ కలిసిన పసుపు ఒకటి, మిగతాదంతా నలుపు. సైజు ఏ3 పెట్టుకోండి, అంటే 297 బై 420 మిల్లీమీటర్లు. అంతకంటే పెద్దదైతే మొదటిసారి చేతికి లొంగదు.

ఇక్కడే ఒక పక్కదారి. స్క్రీన్ ఎందుకు, అట్ట కోసి స్ప్రే కొట్టేస్తే పోలా అని అడుగుతారు. బ్యాంక్సీ మొదలైందే అలా. పద్దెనిమిదేళ్లప్పుడు రైలు పెట్టె మీద బొమ్మేస్తుంటే పోలీసులొచ్చారట, లారీ కింద దూరి గంటకి పైగా పడుకున్నాడట, కళ్లెదురుగా ఆ లారీ ట్యాంకు మీద స్టెన్సిల్‌తో, అంటే అక్షరాలు కోసిన రేకుతో, కొట్టిన అక్షరాలు కనిపించాయట. ఆయన చెప్పుకున్న కథ అది. మన రైస్ మిల్లుల్లో బస్తా మీద రేకు పెట్టి, కుంచెతో రంగు పులిమి మిల్లు పేరు కొట్టేది కూడా అదే పద్ధతి. కానీ తెలుగు అక్షరాలతో ఒక చిక్కుంది. మన లిపి అంతా గుండ్రాలు. సున్నా కోశారనుకోండి, మధ్యలో ముక్క ఊడి చేతిలోకి వస్తుంది, రంగు కొడితే నిండు బొట్టు పడుతుంది. ‘ర’ కూడా అంతే. ‘ఠ’ అయితే ఇక చెప్పక్కర్లేదు, గుండ్రంలో చుక్క, గుండ్రం ఊడితే చుక్కా దాంతోపాటే పోతుంది. అలా పోకుండా అక్కడక్కడా సన్నటి వంతెనలు వదలాలి, బస్తాల మీద అక్షరాలు ముక్కలు ముక్కలుగా ఉండేది అందుకే. నేను ‘నన్ను చూసి ఏడవకురా’ని అట్ట మీద కోసి చూశాను. ‘వ’, ‘ర’ రెండూ కన్నాలు మూసుకుని పడ్డాయి. స్క్రీన్‌కి ఈ గొడవ లేదు, ఊడే ముక్కని జాలీ పట్టుకునే ఉంటుంది. మాట లేని బొమ్మైతే మాత్రం అట్టే చాలు, పారదర్శకమైన ప్లాస్టిక్ ఓహెచ్‌పీ షీటు ఇంకా మంచిది, పదిసార్లు కొట్టినా నానదు.

స్క్రీన్ తయారీ, అసలు తంటా ఇక్కడే

సామాను శుభలేఖలు వేసేవాళ్లు కొనే దగ్గరే కొనండి. హైదరాబాద్‌లో ఉంటే ఛత్తా బజార్ వైపు వెళ్లి అడగండి, వేరే ఊళ్లో ఉంటే ఏ స్క్రీన్ ప్రింటింగ్ షాపాయననైనా పట్టుకోండి, ఎక్కడ కొంటాడో చెప్తాడు. ఆర్ట్ షాపుల్లో ‘కిట్’ అని డబ్బాలో పెట్టి అమ్మేది తీసుకోకండి, అదే సామానుకి డబ్బా ఖర్చు అదనం. కావాల్సింది మెష్ (సన్నటి జాలీ) బిగించిన చెక్క ఫ్రేము, స్క్వీజీ (ఇంకు లాగే రబ్బరు పట్టీ), ఫోటో ఎమల్షన్ (వెలుతురుకి గట్టిపడే జిగురు), దానికి కలిపే సెన్సిటైజర్ (జిగురు వెలుతురుకి గట్టిపడేలా చేసే మందు), ఇంకు, పాత టేపు, ఒక గాజు పలక. మెష్ కాగితానికైతే సెంటీమీటరుకి 90 నుంచి 120 దారాలుండేది, టీషర్టుకైతే 43 నుంచి 55. రెండు రంగులు కాబట్టి ఫ్రేములు రెండు. సెన్సిటైజర్‌లో బైక్రోమేట్ రకం చవకే కానీ అది విషం, చేతికి గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి, కాలవలో పారబోయకండి. డయాజో రకం దొరికితే అదే తీసుకోండి. మా మామయ్య ముప్పై ఏళ్లు వట్టి చేతులతో కలిపాడు, ఇప్పుడు ఆయన వేళ్లు చూస్తే మీరు నా మాట వింటారు.

పని ఇలా. ఎమల్షన్‌కి సెన్సిటైజర్ కలిపి, చీకటి గదిలో, చిన్న పసుపు బల్బు వెలుతురులో స్క్రీనుకి రెండు వైపులా పల్చగా పూయాలి. చీకట్లోనే ఆరాలి. ఆరాక దాని మీద మీ బొమ్మని నల్లగా లేజర్ ప్రింటు తీసిన ట్రేసింగ్ పేపర్ పెట్టి, గాజు పలక మూసి, ఎండ చూపించాలి. వెలుతురు తగిలిన చోట ఎమల్షన్ గట్టిపడి అంటుకుపోతుంది, నల్ల ఇంకు అడ్డమున్న చోట మెత్తగానే ఉండిపోతుంది, తర్వాత నీళ్లు కొడితే ఆ మెత్తటిది కరిగి కారిపోయి బొమ్మ ఆకారంలో జాలీ తెరుచుకుంటుంది. ఎండ ఎంతసేపు అనేది ఎమల్షన్‌ని బట్టి, నెలని బట్టి మారుతుంది, ఎవరి లెక్కా నమ్మకండి. ఒక చిన్న స్క్రీను ముక్క మీద అట్టని అరనిమిషానికో వేలెడు జరుపుతూ మెట్లు మెట్లుగా ఎండ చూపించి కడగండి, ఏ మెట్టు దగ్గర గీతలు శుభ్రంగా నిలిచాయో అదే మీ టైము.

నేను మొదటి స్క్రీన్ ఆగస్టులో పూశాను. ముసురు పట్టి ఉంది. రాత్రంతా ఆరబెట్టాను, వేలితో ముట్టుకుంటే పొడిగానే ఉంది, సరేనని ఎక్స్‌పోజ్ చేసి, అంటే ఎండ చూపించి, బాత్రూమ్‌లో నీళ్లు కొట్టాను. మొదట అక్షరాలు ముద్దుగా తెరుచుకున్నాయి. ఇంకాస్త కొట్టాను. నా కళ్లముందే కెమెరా కూడా కరిగి, దాని వెనక మెష్ మొత్తం తెల్లగా తేలి, పచ్చటి జిగురు నేల మీద పారుతూ తూముకి అడ్డం పడింది. తేమ లోపలే ఉందన్నమాట, పైకి తెలియదు. మామయ్యకి ఫోన్ చేస్తే, "వానాకాలంలో పెళ్లిళ్లే ఉండవు కదరా, నీకేం తొందర" అన్నాడు. ఆ తర్వాత కాస్త తెరిపిచ్చే దాకా ఆగి, ఫ్యాన్ కింద ఒక పగలూ ఒక రాత్రీ ఉంచాను. నిలబడింది.

రెండో తప్పు ఇంకా సిగ్గుచేటు. ట్రేసింగ్ పేపర్‌ని తిరగేసి పెట్టాను. బొమ్మకి ఏం కాదు, కెమెరా అటు చూసినా ఇటు చూసినా ఒకటే. అక్షరాలు మాత్రం అద్దంలో రాతలా వచ్చాయి. గుర్తు ఏంటంటే, కాగితానికి తగిలే వైపు పైకి పెట్టి ఎక్స్‌పోజ్ చేస్తాం కాబట్టి, పైనుంచి చూసినప్పుడు అక్షరాలు తిరగబడి కనిపించాలి, ఇంకు పోసే లోపలివైపు నుంచి చూస్తే సవ్యంగా చదవగలగాలి. ఎండలోకి తీసుకెళ్లే ముందు ఒకసారి పైకి చదవండి. ఆ స్క్రీను పాడేమీ కాదు, బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పోసి నాననిస్తే ఎమల్షన్ వదులుతుంది, మళ్లీ పూసుకోవచ్చు.

ముద్ర కొట్టడం

ఫ్రేముని బల్లకి రెండు మడత బందులతో బిగించండి, తలుపులా లేచి పడాలి. స్క్రీనుకీ కాగితానికీ మధ్య రెండు రూపాయి బిళ్లలు పేర్చినంత ఎడం ఉండాలి, లేకపోతే కాగితం స్క్రీనుకే అంటుకుని లేస్తుంది, అంచులు అలుక్కుపోతాయి. కాగితం ఎప్పుడూ ఒకే చోట కూర్చోవడానికి రెండు అంచుల దగ్గర అట్ట ముక్కలు అతికించండి. ముందు పసుపు మొత్తం కొట్టేయండి, అన్ని కాగితాలూ. ఆరాక నలుపు. నలుపు చివర్లో ఎందుకంటే, పసుపు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ జరిగినా నల్లగీత కప్పేస్తుంది. కావాలనే నలుపు కిందికి ఒక మిల్లీమీటరు పసుపు ఎక్కువ వదులుకోండి.

స్క్వీజీని వాలుగా పట్టుకుని, రెండు చేతులతో, ఒకే ఒరవడిలో మీవైపు లాగండి. మధ్యలో ఆగకూడదు. దోశ తిప్పేటప్పుడు చేయి ఆగితే ఎలా అట్టు చిరుగుతుందో ఇదీ అంతే. నీళ్ల ఇంకు వాడేవాళ్లు ఫ్యాన్ ఆపేయాలి, చెమట కారినా సరే. గాలికి మెష్‌లోనే ఇంకు ఆరిపోయి సన్నగీతలు మూసుకుపోతాయి. నా ప్రింట్లలో పదో దాని నుంచి ‘డ’ పొట్ట పూడటం మొదలైంది, తడిగుడ్డతో కిందనుంచి అద్దుతూ నడిపించాను. కాగితం 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని కాగితం బరువు లెక్క) ఉన్నది తీసుకోండి, పల్చనిది తడికి ముడుచుకుని రెండో రంగుకి చోటు తప్పుతుంది. లెక్కకి పది కాగితాలు ఎక్కువ పెట్టుకోండి. నేను యాభై మొదలుపెడితే పనికొచ్చినవి 41.

ఈ వేగం వల్లే 1968 మేలో పారిస్ విద్యార్థులు స్క్రీన్‌ని పట్టుకున్నారు. ఆర్ట్ కాలేజీని ఆక్రమించుకుని ముందు లిథో రాయి మీద, అంటే రాతి పలక మీద గీసి అచ్చు తీసే పద్ధతిలో, పోస్టర్లు మొదలుపెట్టారు. అది ఆలస్యమవుతోందని స్క్రీన్‌కి మారి, రాత్రికి రాత్రి లాఠీ ఎత్తిన పోలీసు బొమ్మలు వేసి తెల్లారేసరికి గోడలకి అంటించారు. వాటి మీద ఎవరి సంతకాలూ లేవు.

నంబరు, సంతకం, గోడ

మీరు సంతకం చేయాలనుకుంటే పెన్సిల్‌తో, కింద అంచులో, ఎడమవైపు నంబరు: 7/41 అంటే 41లో ఏడోది. ఆ లెక్క ఒకసారి రాశాక స్క్రీను కడిగేయండి. ఇంకో పది కొడదామనే ఆశ పుడుతుంది, పుట్టకముందే కడిగేయండి. బ్యాంక్సీ ప్రింట్లు ఇంత రేట్లు పలకడంతో దొంగవి గుట్టలుగా వచ్చాయి. చివరికి పెస్ట్ కంట్రోల్ అని సొంత సంస్థ పెట్టి సర్టిఫికెట్లు ఇస్తున్నారు, దానికి ఆయనే వేసిన యువరాణి డయానా బొమ్మ ఉన్న ఉత్తుత్తి పది పౌండ్ల నోటుని సగానికి చింపి పిన్ను కొడతారు, మిగతా సగం వాళ్ల దగ్గర. నోటు ఐడియా బాగుందని మీరు మాత్రం వేయకండి, మన దగ్గర కరెన్సీని పోలిన కాగితం అచ్చు వేయడం కూడా నేరమే.

జెండా, నాలుగు సింహాల చిహ్నం, రాజ్యాంగ ప్రతి, ఈ మూడింటి జోలికి వ్యంగ్యంలో వెళ్లేముందు ఒక లాయరుతో మాట్లాడండి. 1971, 2005 చట్టాలు వాటికోసమే ఉన్నాయి. సింహాల చోట తోడేళ్లని గీసిన అసీమ్ త్రివేదిని 2012లో ముంబైలో రాజద్రోహం కింద అరెస్టు చేశారు, దేశమంతా గోల చేశాక ఆ సెక్షన్ వెనక్కి తీసుకున్నారు. ఊరి గోడల మీద అంటిస్తే గోడలు పాడుచేసినందుకు వేరే కేసు. నేనైతే గోడ జోలికి పోలేదు, ఇళ్లలోకి, షాపుల్లోకి అడిగినవాళ్లకి ఇచ్చాను. బ్యాంక్సీ సంగతి వేరు, 2025 సెప్టెంబరులో లండన్ హైకోర్టు భవనానికే బొమ్మ వేశాడు, విగ్గు పెట్టుకున్న జడ్జి కిందపడ్డ నిరసనకారుడిని సుత్తితో కొడుతున్నట్టు. వెంటనే కప్పేసి, కాపలా పెట్టి, రుద్ది కడిగించారు. రుద్దగా రుద్దగా రంగు పోయింది కానీ ఆకారం నీడలా గోడకి మిగిలిపోయింది.

నా 41 కాపీల్లో మా కమిటీ సెక్రటరీగారికి ఒకటిచ్చాను, ధైర్యం చేసి. తిప్పి తిప్పి చూసి, "నిమ్మకాయ బాగా వచ్చింది" అని పక్కన పెట్టారు. వారం తర్వాత మా కెమెరాలు రిపేరు చేయడానికి వచ్చే కుర్రాడు ఫోన్ చేశాడు. వాళ్ల ఓనరు చూశాడట, షాపులో కౌంటరు మీద కట్టుకోవడానికి ఐదు కావాలట, వ్యాపారానికి దిష్టి తగలకుండా. బేరం కూడా ఆడలేదు. 36 నుంచి 40 దాకా నంబర్లు పంపించాను.